అమెరికా కంపెనీకి బీఓఐ రిపోర్టు వేయాలా, అక్కర్లేదా? మీ కేసు మీరే తేల్చుకునే పద్ధతి

"కోర్టు కొట్టేసిందట కదా, ఇంకా వేయాలా?" "మా సీపీఏ (పన్ను లెక్కలు చూసే అకౌంటెంట్) వేయమంటున్నారు, మా ఫ్రెండ్ వద్దంటున్నాడు, ఎవరి మాట వినాలి?" "డబ్బు కట్టమని లెటర్ వచ్చింది, నిజమేనా?" డాలస్‌లో కన్సల్టింగ్ కంపెనీ నడిపేవాళ్లు, గుంటూరులో ఉంటూ డెలావేర్ ఎల్‌ఎల్‌సీ (అమెరికాలో ఒక రకం పరిమిత బాధ్యత కంపెనీ) తెరిచినవాళ్లు, హైదరాబాద్ ప్రైవేట్ లిమిటెడ్‌ను అమెరికాలో రిజిస్టర్ చేయించినవాళ్లు బీఓఐ రిపోర్టు (కంపెనీ అసలు యజమానులెవరో అమెరికా ప్రభుత్వానికి చెప్పే రిపోర్టు) గురించి అడిగే ప్రశ్నలు ఇవే. ఒక్కొక్కరికి విడివిడిగా జవాబు రాసే బదులు, ఎవరికి వారు చూసుకునేలా ఇక్కడ మెట్టు మెట్టుగా రాస్తున్నాను.

ముందే చెప్పేస్తాను: మీలో చాలామందికి జవాబు "అక్కర్లేదు". దీన్ని తేల్చేది మీ వీసా కాదు, మీ పాస్‌పోర్టు కాదు, మీరు ఎక్కడ ఉంటున్నారన్నదీ కాదు. మీ కంపెనీ ఏ దేశపు చట్టం కింద పుట్టింది అన్నదే అసలు ప్రశ్న. ఆ ఒక్క విషయం పట్టుకుంటే సగం టెన్షన్ పోతుంది.

గందరగోళం ఎందుకు వచ్చింది

కార్పొరేట్ ట్రాన్స్‌పరెన్సీ యాక్ట్ 2021 జనవరి 1న చట్టమైంది. పేరుకు మాత్రమే ఉండే కంపెనీల వెనుక అసలు యజమాని ఎవరో ప్రభుత్వానికి తెలియాలన్నది దాని ఉద్దేశం. యజమానుల వివరాల రిపోర్టునే బీఓఐ అంటారు. దాన్ని తీసుకునేది అమెరికా ఆర్థిక శాఖ కింద పనిచేసే ఫిన్‌సెన్. రిపోర్టులు 2024 జనవరి 1 నుంచి మొదలయ్యాయి. అంతకుముందే ఉన్న కంపెనీలకు 2025 జనవరి 1 వరకు గడువిచ్చారు.

ఆ గడువు దగ్గరపడుతుండగా, 2024 డిసెంబర్ 3న టెక్సాస్‌లోని ఒక ఫెడరల్ జడ్జి దేశమంతటా అమలు ఆపేశారు. డిసెంబర్ 23న అప్పీల్ కోర్టు ఆ స్టేను పక్కనపెట్టింది. మూడు రోజులు తిరక్కుండానే, 26న, అదే అప్పీల్ కోర్టులోని మరో బెంచి మళ్లీ అమలు ఆపింది. 2025 జనవరి 23న సుప్రీంకోర్టు ఆ కేసులో ప్రభుత్వం వైపు మొగ్గింది. టెక్సాస్‌లోనే ఇంకో కేసులో ఉన్న స్టే ఫిబ్రవరిలో తొలగింది. వెంటనే ఫిన్‌సెన్ మార్చి 21ని కొత్త గడువుగా ప్రకటించింది. అంతా హడావుడిగా ఫైల్ చేయడం మొదలుపెట్టాక, సరిగ్గా ఆ మార్చి 21నే ఫిన్‌సెన్ కొత్త మధ్యంతర రూల్ తెచ్చి, అమెరికాలో ఏర్పాటైన కంపెనీలన్నింటికీ మినహాయింపు ఇచ్చింది. అది మార్చి 26న ఫెడరల్ రిజిస్టర్‌లో అచ్చయింది.

ఇక్కడ ఒకటి గట్టిగా గుర్తుంచుకోవాలి. మినహాయింపు ఇచ్చింది రూల్. చట్టం అలాగే ఉంది. అలబామాలో ఒక జడ్జి 2024 మార్చిలో ఈ చట్టం రాజ్యాంగ విరుద్ధమన్నారు. ఆ తీర్పును 2025 డిసెంబర్‌లో పదకొండో సర్క్యూట్ అప్పీల్ కోర్టు తోసిపుచ్చి, చట్టం చెల్లుతుందని చెప్పింది. అందుకే "కోర్టు కొట్టేసింది" అనే మాట నమ్మకండి. రూల్ రాసినవాళ్లు దాన్ని మార్చగలరు కూడా.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- కంపెనీ పుట్టినప్పటి పత్రం. అమెరికా కంపెనీ అయితే సర్టిఫికెట్ ఆఫ్ ఫార్మేషన్ లేదా ఆర్టికల్స్. ఇండియా కంపెనీ అయితే సర్టిఫికెట్ ఆఫ్ ఇన్‌కార్పొరేషన్.
- అమెరికాలోని ఏదైనా రాష్ట్రంలో వ్యాపారానికి అనుమతి తీసుకుని ఉంటే ఆ పత్రం, దాని మీది తేదీ.
- ఈఐఎన్ నంబరు (అమెరికా పన్ను శాఖ ఐఆర్‌ఎస్ కంపెనీకి ఇచ్చేది). ఇండియా కంపెనీకి ఈఐఎన్ లేకపోతే కంపెనీ ప్యాన్.
- వాటాదార్ల జాబితా, వాటాల శాతాలు, ముఖ్య పదవుల్లో ఎవరున్నారో.
- రిపోర్టు వేయాల్సి వస్తే, ఆయా వ్యక్తుల గడువు తీరని పాస్‌పోర్టు స్కాన్, ఇంటి చిరునామా, పుట్టిన తేదీ.

డబ్బు అవసరం లేదు. ఫిన్‌సెన్‌కు బీఓఐ రిపోర్టు వేయడానికి ఒక్క సెంటు ఫీజు కూడా లేదు.

1. కంపెనీ పుట్టిన చోటు చూడండి

పత్రం తీయండి. దాని మీద డెలావేర్, టెక్సాస్, న్యూజెర్సీ, వయోమింగ్ లాంటి అమెరికా రాష్ట్రం పేరుంటే, ఇప్పుడున్న ఫెడరల్ రూల్ ప్రకారం మీరు బీఓఐ రిపోర్టు వేయనక్కర్లేదు. మీరు సిటిజన్ అయినా, గ్రీన్‌కార్డు ఉన్నా, హెచ్1బీ మీద ఉన్నా, అమెరికా గడప తొక్కకుండా నెల్లూరులో ఉన్నా జవాబు ఇదే. "నేను ఇండియన్‌ని కదా, నాది విదేశీ కంపెనీ కదా" అని చాలామంది భయపడుతున్నారు. యజమాని విదేశీయుడైనంత మాత్రాన కంపెనీ విదేశీది కాదు.

హైదరాబాద్ కంపెనీకి డెలావేర్‌లో సబ్సిడరీ ఉన్నా అంతే. ఆ సబ్సిడరీ అమెరికాలో పుట్టింది కాబట్టి దానికి రిపోర్టు అక్కర్లేదు.

2. 'ఫారిన్' అనే మాట దగ్గర ఆగండి

అందరూ తడబడేది ఇక్కడే. డెలావేర్ ఎల్‌ఎల్‌సీని టెక్సాస్‌లో రిజిస్టర్ చేస్తే, టెక్సాస్ కాగితాల మీద "ఫారిన్ ఎల్‌ఎల్‌సీ" అని ఉంటుంది. రాష్ట్రాల లెక్కలో పక్క రాష్ట్రపు కంపెనీ కూడా ఫారినే. బీఓఐ రూల్‌లో మాత్రం ఫారిన్ అంటే అమెరికా బయటి దేశంలో పుట్టిన కంపెనీ. టెక్సాస్ కాగితం చూసి కంగారుపడి ఫైల్ చేయకండి. ఒకటో మెట్టులో చెప్పిన పుట్టుక పత్రమే చూడండి.

3. ఇండియా కంపెనీ అయితే, అమెరికా రాష్ట్రంలో రిజిస్టర్ అయిందా?

ఇండియాలో పుట్టిన కంపెనీ ఏదైనా అమెరికా రాష్ట్రంలో (చాలా చోట్ల ఆ ఆఫీసును సెక్రటరీ ఆఫ్ స్టేట్ అంటారు) పత్రం దాఖలు చేసి, వ్యాపారానికి అనుమతి తీసుకుంటేనే ఈ రూల్ తగులుతుంది.

కిందివి రిజిస్ట్రేషన్ కిందికి రావు: అమెరికా కస్టమర్లకు ఇన్‌వాయిస్ పంపడం, అమెరికా బ్యాంకులో ఖాతా, ఆన్‌లైన్‌లో డాలర్లు తీసుకోవడం, ఐఆర్‌ఎస్ నుంచి ఈఐఎన్ తెచ్చుకోవడం. ఇవి ఎన్ని ఉన్నా, రాష్ట్రంలో ఆ పత్రం లేకపోతే బీఓఐ లేదు.

మీకే అనుమానం ఉందా? ఆ రాష్ట్రపు బిజినెస్ సెర్చ్ పేజీలో మీ కంపెనీ పేరు కొట్టి చూడండి. పదేళ్ల క్రితం ఎవరో ఏజెంట్ రిజిస్టర్ చేసి వదిలేసిన సందర్భాలు ఉంటాయి.

4. మినహాయింపు ఉందేమో చూడండి

చట్టంలో 23 రకాల మినహాయింపులు ఉన్నాయి. బ్యాంకులు, ఇన్సూరెన్స్ కంపెనీలు, స్టాక్ మార్కెట్ నియంత్రణ కింద ఉన్న కంపెనీలు అందులోవే. మామూలు వ్యాపారానికి పనికొచ్చేది ఒకటే, పెద్ద ఆపరేటింగ్ కంపెనీ. దానికి మూడూ ఉండాలి: అమెరికాలో 20 మందికి మించి ఫుల్‌టైమ్ ఉద్యోగులు, అంతకుముందు ఏడాది పన్ను రిటర్నులో అమెరికా నుంచి 50 లక్షల డాలర్లకు మించిన రాబడి, అమెరికాలో నిజంగా నడిచే ఆఫీసు. హైదరాబాద్‌లో 300 మంది ఉన్నా ఆ లెక్క ఇక్కడ చెల్లదు. రెండు ఉండి ఒకటి లేకపోయినా మినహాయింపు లేదు.

ఇక్కడిదాకా వచ్చి "మాకు మినహాయింపు లేదు, మాది ఇండియా కంపెనీ, రాష్ట్రంలో రిజిస్టర్ అయింది" అంటే మీరు రిపోర్టు వేయాలి. మిగతావాళ్లు నేరుగా 9వ మెట్టుకు వెళ్లండి.

5. గడువు లెక్కపెట్టండి

2025 మార్చి 26కు ముందే అమెరికా రాష్ట్రంలో రిజిస్టరైన విదేశీ కంపెనీలకు గడువు 2025 ఏప్రిల్ 25తో ముగిసింది. మార్చి 26న గానీ తర్వాత గానీ రిజిస్టరైతే, రిజిస్ట్రేషన్ అమల్లోకి వచ్చిందని సమాచారం అందిన రోజు నుంచి 30 రోజులు. అవి క్యాలెండర్ రోజులు. శని, ఆదివారాలు, సంక్రాంతి సెలవులు అన్నీ లెక్కలోకి వస్తాయి.

6. ఎవరి పేర్లు రాయాలో తేల్చండి

రెండు దారుల్లో మనిషి "అసలు యజమాని" అవుతాడు. ఒకటి, కంపెనీలో 25 శాతం లేదా అంతకంటే ఎక్కువ వాటా. మరో కంపెనీ ద్వారా చేతిలో ఉన్న వాటా కూడా ఇందులో కలుస్తుంది. రెండు, కంపెనీ మీద గట్టి పట్టు. సీఈఓ, సీఎఫ్ఓ, సీఓఓ, ప్రెసిడెంట్, జనరల్ కౌన్సెల్ (కంపెనీ ముఖ్య లాయరు) స్థాయి పదవిలో ఉంటే ఒక్క షేరు లేకపోయినా లెక్కలోకి వస్తారు. బోర్డు డైరెక్టర్ అయినంత మాత్రాన రారు. నిర్ణయాల్లో అతని పట్టు ఎంతో చూడాలి.

2025 రూల్ ప్రకారం అసలు యజమానుల్లో అమెరికా వ్యక్తులుంటే వాళ్ల వివరాలు ఇవ్వనక్కర్లేదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. హైదరాబాద్ ప్రైవేట్ లిమిటెడ్, టెక్సాస్‌లో రిజిస్టర్ అయింది. ఎండీగా ఉండి కంపెనీ నడిపే అన్నయ్యకు 45 శాతం, వదినకు 30 శాతం, అట్లాంటాలో స్థిరపడి సిటిజన్ అయిన తమ్ముడికి 25 శాతం. సీఎఫ్ఓ జీతానికి పనిచేసే మనిషి, ఉండేది కూకట్‌పల్లిలో. రిపోర్టులో రావాల్సినవి అన్నయ్య, వదిన, సీఎఫ్ఓ పేర్లు. తమ్ముడి పేరు రాదు. ఇలాంటి కుటుంబ కంపెనీల్లో "సంతకాలన్నీ ఆయనవే కదా" అని భర్త పేరు ఒక్కటే రాసి భార్య వాటాను వదిలేస్తుంటారు. జీతగాడే కదా అని సీఎఫ్ఓను కూడా వదిలేస్తారు. రెండూ తప్పే.

యజమానులంతా అమెరికా వ్యక్తులే అయితే? అప్పుడు కూడా కంపెనీ వివరాలతో రిపోర్టు వేయాలి, యజమానుల వివరాలు మాత్రం ఉండవు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు, వర్క్ వీసా మీద పన్ను లెక్కలో రెసిడెంట్ అయినవాళ్లు అమెరికా వ్యక్తుల్లోకి వస్తారా అన్నది పన్ను చట్టంలోని నిర్వచనాన్ని బట్టి ఉంటుంది. ఆ ఒక్క ముక్క మీ సీపీఏ చేత తేల్పించుకోండి.

2024 జనవరి 1న గానీ తర్వాత గానీ రిజిస్టరైన కంపెనీలు, రిజిస్ట్రేషన్ పత్రాన్ని దాఖలు చేసిన మనిషి వివరాలు, అతని చేత చేయించిన మనిషి వివరాలు కూడా ఇవ్వాలి. ఇద్దరికి మించరు.

7. ఫారం నింపండి

బీఓఐఈఫైలింగ్ డాట్ ఫిన్‌సెన్ డాట్ గవ్ అనే సైట్‌కు వెళ్లండి. పేరు చివర డాట్ గవ్ ఉందో లేదో కచ్చితంగా చూసుకోండి. ఆన్‌లైన్‌లో అక్కడికక్కడే నింపొచ్చు, లేదా పీడీఎఫ్ దించుకుని తీరిగ్గా నింపి అప్‌లోడ్ చేయొచ్చు. నా సలహా పీడీఎఫ్. ఇండియా నుంచి నింపుతున్నప్పుడు నెట్ పోతే, ఆన్‌లైన్‌లో నింపింది పోతుంది.

మనవాళ్లు ఎక్కువగా తప్పులు చేసే చోట్లు ఇవి:

*తేదీ.* అమెరికా వరుసలో ముందు నెల, తర్వాత రోజు. ఆగస్టు 5న పుట్టినవాళ్లు ఇండియా అలవాటులో 05, 08 అని రాస్తే అది మే 8 అవుతుంది. 12 లోపు రోజులతో ఉన్న తేదీల్లో ఈ తప్పును ఫారం పట్టుకోలేదు.

*పేరు.* పాస్‌పోర్టులో ఉన్నట్టే, స్పెల్లింగు మారకుండా రాయాలి. ఇంటిపేరును పొట్టి అక్షరంగా రాయకండి. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి మొత్తం పేరు కింది గడిలో ఉండటం మామూలే. అలాంటివాళ్లు సొంతంగా పేరును విడగొట్టకుండా, ఫిన్‌సెన్ సైట్‌లోని కాంటాక్ట్ పేజీ ద్వారా ముందుగా అడిగి, వాళ్ల జవాబు దాచుకుని అలా నింపండి.

*గుర్తింపు పత్రం.* ఆధార్ చెల్లదు. వ్యక్తిగత ప్యాన్ చెల్లదు. ఇండియా డ్రైవింగ్ లైసెన్సు చెల్లదు. అమెరికా రాష్ట్రం ఇచ్చిన లైసెన్సు లేదా ఐడీ ఉంటే అది, లేకపోతేనే ఇండియా పాస్‌పోర్టు. గడువు తీరి ఉండకూడదు. పాస్‌పోర్టు నంబరులో మొదట ఒక అక్షరం, తర్వాత ఏడు అంకెలు ఉంటాయి. సున్నాను 'ఓ' అక్షరంగా కొట్టలేదు కదా అని చూసుకోండి.

*స్కాన్.* ఫొటో, నంబరు ఉన్న పేజీ స్పష్టంగా కనిపించాలి. జేపీజీ, పీఎన్‌జీ, పీడీఎఫ్ ఏదైనా సరే, 4 ఎంబీ మించకూడదు. ఫైలు పేరులో ఖాళీలు, తెలుగు అక్షరాలు లేకుండా చూసుకోండి. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోను అలాగే ఎక్కిస్తే అక్షరాలు మసకబారి ఉంటాయి, ఒరిజినల్ స్కాన్ తెప్పించండి.

*చిరునామా.* అసలు యజమానులకు ఇంటి చిరునామా, ఆఫీసుది కాదు. కంపెనీకి అమెరికాలో వ్యాపారం జరిగే చోటు. పోస్టాఫీసు బాక్సు నంబరు పనికిరాదు.

సీఎఫ్ఓ లాంటివాళ్లు తమ పాస్‌పోర్టు కంపెనీ చేతికి ఇవ్వడానికి ఇబ్బంది పడితే ఇంకో దారి ఉంది. వాళ్లే నేరుగా ఫిన్‌సెన్ ఐడీ తీసుకుని, ఆ నంబరు మాత్రం కంపెనీకి ఇవ్వొచ్చు. అందుకు లాగిన్ డాట్ గవ్ ఖాతా కావాలి. తర్వాత వాళ్ల ఇంటి చిరునామా మారితే వాళ్లే మార్చుకుంటారు, కంపెనీకి ఆ పని తప్పుతుంది.

8. పంపాక సరిచూసుకోండి

సబ్మిట్ నొక్కగానే పని అయిపోలేదు. సైట్‌లో స్టేటస్ "యాక్సెప్టెడ్" అని వచ్చేదాకా చూడండి. వచ్చాక ట్రాన్స్‌క్రిప్ట్ అనే పీడీఎఫ్ దించుకోండి. అందులో ట్రాకింగ్ నంబరు, తేదీ, సమయం, మీరిచ్చిన వివరాలు ఉంటాయి. ఆ పీడీఎఫ్‌ను ఒక పక్క, పాస్‌పోర్టును ఇంకో పక్క పెట్టుకుని గడి గడీ పోల్చండి. ఫారం నింపిన మనిషి కాకుండా ఇంకొకరు పోల్చితే మంచిది.

ఫీజు తీసుకుని ఫైల్ చేసే ఏజెంటుకు అప్పగించి ఉంటే ఈ ట్రాన్స్‌క్రిప్ట్ తప్పకుండా అడగండి. "అయిపోయింది సార్" అన్న మెసేజ్, ఏజెంటు బిల్లు రుజువులు కావు.

తప్పు కనబడితే సరిచేసిన రిపోర్టు వేయాలి. తెలిసిన 30 రోజుల్లోగా, మొదటి రిపోర్టు గడువు దాటి 90 రోజులు కాకముందే మీ అంతట మీరు సరిదిద్దుకుంటే జరిమానా నుంచి రక్షణ ఉంటుంది. ఇది ఏటా వేసే రిపోర్టు కాదు. కానీ వివరాలు మారితే 30 రోజుల్లో అప్‌డేట్ చేయాలి. మనవాళ్లు మరిచిపోయే మార్పు పాస్‌పోర్టు రెన్యువల్. ఇండియా పాస్‌పోర్టు మళ్లీ తీసుకుంటే నంబరు మారుతుంది, అంటే అప్‌డేట్ పడినట్టే.

9. అక్కర్లేదని తేలినవాళ్లు చేయాల్సినవి

చిన్న ఫైల్ ఒకటి పెట్టుకోండి. పుట్టుక పత్రం కాపీ, వాటాల జాబితా, "ఫలానా తేదీన చూశాం, ఈ రూల్ ప్రకారం మాకు మినహాయింపు" అని ఒక పేజీ. 2024లోనో 2025 మొదట్లోనో రిపోర్టు వేసి ఉంటే ఆ ట్రాన్స్‌క్రిప్ట్ కూడా అందులోనే ఉంచండి. అమెరికా కంపెనీలు పాత రిపోర్టును ఇప్పుడు అప్‌డేట్ చేయనక్కర్లేదు.

మూడు నెలలకోసారి ఫిన్‌సెన్ డాట్ గవ్‌లోని బీఓఐ పేజీ తెరవండి. పైన హెచ్చరిక పెట్టెలో ఏముందో చదవండి. యూట్యూబ్ వీడియో చూసి నిర్ణయం తీసుకోకండి. 2024 డిసెంబర్‌లో తీసిన వీడియో మూడు రోజులకే పాతబడిపోయింది, అలాంటివి ఇప్పటికీ తిరుగుతున్నాయి.

బీఓఐ పోయిందని వీటిని వదలకండి

నన్ను ఎక్కువ ఆందోళన పెట్టేది ఇదే. "ఇక ఏ రిపోర్టూ లేదట" అనుకుని అసలైనవి వదిలేస్తున్నారు.

ఇండియాలో ఉంటూ ఒక్కరే యజమానిగా అమెరికా ఎల్‌ఎల్‌సీ నడుపుతుంటే, ఐఆర్‌ఎస్‌కు ఫారం 5472 (విదేశీ యజమానితో జరిగిన లావాదేవీల రిపోర్టు), దానితో నామమాత్రపు 1120 (కంపెనీ పన్ను రిటర్ను) పంపాలి. లాభం సున్నా అయినా, మీరు కంపెనీలో డబ్బు పెట్టడం, తీయడం లాంటి లావాదేవీ జరిగితే చాలు. పంపకపోతే జరిమానా 25,000 డాలర్ల నుంచి మొదలవుతుంది. క్యాలెండర్ ఏడాది లెక్కన నడిచే కంపెనీకి గడువు ఏప్రిల్ 15. బీఓఐ గురించి భయపడినవాళ్లలో ఎంతోమందికి నిజంగా భయపడాల్సింది దీని గురించి.

డెలావేర్ ఎల్‌ఎల్‌సీ అయితే జూన్ 1లోగా 300 డాలర్ల వార్షిక పన్ను. టెక్సాస్ అయితే మే 15న ఫ్రాంచైజ్ రిపోర్టు. ఇండియాలో రెసిడెంట్ అయితే ఆదాయపు పన్ను రిటర్నులో షెడ్యూల్ ఎఫ్ఏ (విదేశీ ఆస్తుల వివరాలు).

బ్యాంకు ఖాతా తెరిచేటప్పుడు యజమానుల వివరాలు అడిగితే "రూల్ తీసేశారు కదా" అని వాదించకండి. అది బ్యాంకులకు 2018 నుంచి ఉన్న వేరే రూల్.

న్యూయార్క్ రాష్ట్రానికి ఎల్‌ఎల్‌సీల మీద సొంత చట్టం ఉంది, 2026 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అక్కడ వ్యాపారం ఉంటే ఆ రాష్ట్రపు డిపార్ట్‌మెంట్ ఆఫ్ స్టేట్ పేజీ విడిగా చూడండి.

ఇండియా కంపెనీకి ఇండియాలోనూ ఇలాంటిదే ఉంది. కంపెనీల చట్టం 90వ సెక్షన్ కింద, వేరే కంపెనీల ద్వారా 10 శాతం లేదా అంతకు మించి పట్టున్న మనిషి కంపెనీకి బెన్-1 అనే ఫారం ఇవ్వాలి, కంపెనీ 30 రోజుల్లో బెన్-2 ఫారం వేయాలి. అమెరికాలో మినహాయింపు వచ్చినా ఇక్కడ రాదు.

డబ్బు కట్టమని లెటర్ వస్తే

ఫిన్‌సెన్ పేరుతో, ప్రభుత్వ ముద్రలా కనిపించే గుర్తుతో, క్యూఆర్ కోడ్‌తో వచ్చే లెటర్ల గురించి ఫిన్‌సెన్ స్వయంగా హెచ్చరించింది. "ఫారం 4022", "యూఎస్ బిజినెస్ రెగ్యులేషన్స్ డిపార్ట్‌మెంట్" అని ఉంటే అది మోసమే. అలాంటి ఫారం, అలాంటి శాఖ లేవు. కోడ్ స్కాన్ చేయకండి, లింకు నొక్కకండి, పాస్‌పోర్టు కాపీ అసలే పంపకండి. ఇప్పటికే పంపేసి ఉంటే కార్డు ఆపించండి, బ్యాంకుకు చెప్పండి, ఎఫ్‌బీఐ వారి ఐసీ3 సైట్‌లో ఫిర్యాదు చేయండి.

గడువు దాటిపోయినవాళ్లకు

ఇండియా కంపెనీ, రాష్ట్రంలో రిజిస్టర్ అయింది, మినహాయింపు లేదు, 2025 ఏప్రిల్ 25 దాటిపోయింది. ఇప్పుడేం చేయాలి? ఈ వారమే ఫైల్ చేయండి. చట్టంలో జరిమానా రోజుకు 500 డాలర్ల వరకు ఉంది, ధరల సవరణతో 2025లో అది 606 అయింది. నేరంగా తేలితే 10,000 డాలర్లు, రెండేళ్ల వరకు జైలు. అయితే ఇవన్నీ కావాలని ఎగ్గొట్టినవాళ్లకు. తెలియక ఆలస్యమైందనడానికి మీ ఏజెంటుతో నడిచిన ఈమెయిళ్లు, ఎప్పుడు తెలిసిందన్న దాఖలాలు తేదీల వరుసలో దాచండి. ఇంకా ఎవరూ అడగలేదు కదా అని ఆగితే, తెలిశాక కూడా ఆగారన్న రుజువు మీకు మీరే తయారు చేసుకున్నట్టవుతుంది. అమెరికాలో ఇక ఆ వ్యాపారం లేకపోతే, రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ రద్దు చేయించుకునే ముందు పాత బాకీ రిపోర్టు సంగతి అమెరికా అటార్నీని ఒకసారి అడగండి. రద్దు చేసినంత మాత్రాన పాతది మాఫీ అవుతుందని అనుకోకండి.